కష్టాల బాల్యం, జబ్బు, రాత: కందుకూరు కథకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

పెద్దలకు, రాసేవాళ్లకు, రాద్దామనుకునేవాళ్లకు నమస్కారం.

మన సంస్మరణ సభల్లో ఒక మాట తప్పకుండా వినపడుతుంది. చిన్నప్పుడే తల్లి పోయింది, పస్తులు పడుకున్నాడు, పాతికేళ్లకు క్షయ పట్టింది, ఆ బాధే ఆయన చేత ఇంత సాహిత్యం రాయించింది అని. చప్పట్లు కూడా పడతాయి. ఆ మాటే నిజమైతే పామూరు, కనిగిరి, ఉదయగిరి మెట్టల్లో ఊరికి పదిమంది మహాకవులు ఉండాలి. బాధకు మన దగ్గర ఏనాడూ కరువు రాలేదు. (నవ్వులు)

బాధ సరుకిస్తుంది. అంతవరకే దాని పని. ఆ సరుకు కథ కావాలంటే చేతికందే దూరంలో నాలుగు పుస్తకాలుండాలి, పిల్లవాడు చెప్పేది ఓపిగ్గా వినే మనిషి ఒకరైనా ఉండాలి, జరిగినదానికీ రాసేదానికీ మధ్య కొన్నేళ్లు గడవాలి, దాన్ని పోసుకోవడానికి ఒక రూపం దొరకాలి. జబ్బు సంగతి ఇంకోరకం. అది సరుకివ్వడం కన్నా ఎక్కువగా రచయిత రోజును కత్తిరిస్తుంది. ఎన్ని గంటలు కూర్చోగలడు, ఎంత పొడుగు రాయగలడు అన్నది జబ్బే తేలుస్తుంది. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే మనకు రచయితల జీవితాలు సరిగా అర్థం కావడం లేదని నా అభిప్రాయం.

ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అందులో పని కనపడుతుంది. 1824లో తండ్రిని అప్పుల కింద లండన్‌లో మార్షల్సీ జైల్లో పెట్టారు. డికెన్స్‌కు పన్నెండేళ్లు. బూటు పాలిష్ తయారుచేసే కొట్లో పనికి కుదిర్చారు. వారానికి ఆరేడు షిల్లింగులు. పనేమిటంటే, పాలిష్ నింపిన జాడీ మూతి మీద ముందు నూనె కాగితం వెయ్యాలి, దానిమీద నీలం కాగితం, చుట్టూ దారం కట్టాలి, అంచులు నున్నగా కత్తిరించాలి, ఆ తర్వాత చీటీ అంటించాలి. రోజంతా ఇదే. తండ్రి జైలు నించి వచ్చి పని మాన్పించినా, తల్లి మళ్లీ పంపుదామందట. ఆ సంగతి ఆయన జీవితాంతం మర్చిపోలేదు.

ఇక్కడ గమనించాల్సింది తర్వాతి ఇరవై అయిదేళ్లు. పెళ్లాం పిల్లలకు కూడా చెప్పలేదు. 1840ల చివర్లో మిత్రుడు ఫోర్‌స్టర్‌కు చెప్పి, కొన్ని పేజీలు రాసిచ్చాడు. 1849లో మొదలైన డేవిడ్ కాపర్‌ఫీల్డ్ నవలలో ఆ కొట్టు వచ్చింది గానీ పాలిష్ జాడీలు రాలేదు. వాటి బదులు ద్రాక్షసారా గిడ్డంగి పెట్టాడు. ఖాళీ సీసాను వెలుతురుకు పట్టి చూడటం, పగుళ్లున్నది పక్కన పెట్టడం, కడగడం, చీటీ అంటించడం, బిరడా బిగించడం. చేతి పని అదే, అవమానం అదే, వస్తువు మారింది. అసలు సంగతి లోకానికి తెలిసింది 1870లో ఆయన పోయాక, ఫోర్‌స్టర్ రాసిన జీవితచరిత్ర వల్ల. చిన్నప్పటి గాయాన్ని కథలోకి తెచ్చేటప్పుడు ఏది ఉంచాలి, ఏది మార్చాలి అన్నదానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనపడలేదు. వేళ్లు చేసే పనిని వదలకూడదు. వస్తువునూ ఊరినీ మార్చుకోవచ్చు. మన కొత్త కథకులు దీన్ని తిరగేసి చేస్తారు. ఊరి పేరు, నాన్న పేరు ఉన్నవి ఉన్నట్టు ఉంచి, పనిని మాత్రం "నానా చాకిరీ చేశాను" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మార్కాపురం పలకల గనిలో పనిచేసిన పిల్లవాడి కథ రాస్తే రాయిని పొరలుగా ఎట్లా చీలుస్తారో, దుమ్ము కనురెప్పల మీద ఎట్లా పేరుకుంటుందో రావాలి. ఆ దుమ్ములో సిలికా ఉంటుందనీ, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయనీ కథకుడికి తెలిసుండాలి. కథలో చెప్పనక్కర్లేదు.

రష్యన్ రచయిత చెహోవ్ వేరే దారి పట్టాడు. ఆయన తాత వెట్టి రైతు, డబ్బు కట్టి కుటుంబాన్ని విడిపించుకున్నాడు. తండ్రి తాగన్‌రోగ్‌లో కిరాణా కొట్టు పెట్టి, పిల్లల్ని కొట్లో కూర్చోబెట్టి, చర్చిలో పాడించి, కొట్టి పెంచాడు. 1876లో దివాలా తీసి మాస్కోకు పారిపోయాడు. పదహారేళ్ల చెహోవ్ ఊళ్లో మిగిలి, ట్యూషన్లు చెప్పుకుంటూ చదువు ముగించాడు. 1889 జనవరిలో ప్రచురణకర్త సువోరిన్‌కు రాసిన ఉత్తరంలో ఈ బతుకంతా ఉంది. కానీ "నేను" అనలేదు. ఒక కుర్రవాడి మీద కథ రాయండి అన్నాడు. వెట్టివాడి వంశం, కొట్లో పనిచేసినవాడు, పెద్దవాళ్ల చేతులు ముద్దుపెట్టుకోవడం నేర్పబడ్డవాడు, ఎన్నోసార్లు దెబ్బలు తిన్నవాడు, తనలోని బానిసను బొట్టుబొట్టుగా పిండి పారేసుకున్నాడని రాయమన్నాడు. ఆ పేరాలో జాలి లేదు. తన చిన్నతనాన్ని రాయలేక ఆగిపోయినవాళ్లు ముందు దాన్ని ఉత్తరంగా, "అతను" అని రాసి చూడాలి. నెలల తరబడి కదలని కాగితం కదులుతుంది.

మన జాషువాది ఇంకో ఎత్తు. 1895లో వినుకొండలో పుట్టారు. తల్లిదండ్రులది కులాంతర వివాహం కాబట్టి చిన్నప్పటి నించీ రెండు వైపులా చీదరింపే. 1941లో వచ్చిన గబ్బిలంలో ఆ గాయాన్ని తన నోటితో చెప్పలేదు. తంజావూరు వాడైన ఒక అంటరాని పేదవాడి నోట పెట్టి, అతని చేత కాశీ విశ్వేశ్వరుడికి గబ్బిలంతో కబురు పంపించారు. మనిషికి గుడిలోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. మేఘసందేశం నించి వచ్చిన సందేశకావ్యం అనే పాత రూపాన్ని తీసుకుని, దాన్ని తయారుచేసిన సంప్రదాయం మీదికే తిప్పారు. పద్యం నడక, ఛందస్సు కోపాన్ని పట్టి ఉంచాయి. ఆ రూపం లేకపోతే అది ఫిర్యాదుగానే మిగిలేదేమో.

కొడవటిగంటి కుటుంబరావు గారికి అయిదేళ్లకు తండ్రి, పదకొండేళ్లకు తల్లి పోయారు. ఆయన కథల్లో కన్నీళ్లు వెతికితే దొరకవు. ఇంట్లో డబ్బు ఎవరి చేతుల్లో ఉంది, అన్నం ఎవరు పెడుతున్నారు, ఏ మాట ఎందుకు అన్నారు అన్న లెక్క మాత్రం ఎక్కడా తప్పదు. బంధువుల ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఆ చూపు తొందరగా వస్తుందని నేననుకుంటాను. కనిగిరి, పొదిలి వైపు తల్లిదండ్రులు బేల్దారి పనులకు హైదరాబాదో బెంగళూరో పోతే తాతల దగ్గర పెరిగిన పిల్లలు ఇప్పుడు కథలు రాసే వయసుకొచ్చారు. వాళ్ల దగ్గర ఈ సరుకుంది.

ఇక పరిశోధన ఏమంటోందో రెండు ముక్కలు. అమెరికాలో ఫెలిట్టి, అండా అనే వైద్యులు చేసిన ఒక అధ్యయనం 1998లో అచ్చయింది. మొత్తం పదిహేడు వేల మందికి పైగా పెద్దవాళ్ల బాల్యాన్ని అడిగి తెలుసుకున్నారు. దెబ్బలు, తిట్లు, లైంగిక హింస, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం చూడటం, ఇంట్లో ఒకరు జైలుకు పోవడం, ఇట్లాంటి రకాలు. నాలుగు, అంతకు మించి ఉన్నవాళ్లకు కుంగుబాటు, తాగుడు, ఆత్మహత్యాయత్నం ముప్పు కొన్ని రెట్లు పెరిగింది. గుండె జబ్బు కూడా ఎక్కువే. ప్రతిభ పెరిగిందని ఎవరూ లెక్కకట్టలేదు. స్వీడన్‌లో పది లక్షలకు పైగా రోగుల రికార్డులు చూసిన అధ్యయనంలో, సృజన రంగాల్లో ఉన్నవాళ్లకు మానసిక జబ్బులు మొత్తం మీద ఎక్కువేమీ కాదని తేలింది. ఉద్రేకం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బు ఒక్కటి ఎక్కువ కనపడింది. కానీ రచయితలను విడిగా చూస్తే కుంగుబాటు, ఆందోళన, తాగుడు ఎక్కువగా ఉన్నాయి, ఆత్మహత్యలు దాదాపు ఒకటిన్నర రెట్లు. జబ్బు వల్ల రచయితలయ్యారా, ఈ పని అట్లాంటివాళ్లను లాగుతుందా అన్నది ఆ అంకెలు చెప్పవు. మనలో ఎవరికైనా ఆత్మహత్య ఆలోచన వస్తే 14416కు ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని ప్రభుత్వ సహాయ లైను, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. కథ తర్వాత రాసుకోవచ్చు.

బాధే రాయించింది అనే మాట ఎంత తొందరపాటుదో చూపించడానికి జర్మన్ భాషలో రాసిన కాఫ్కా ఒక్కడు చాలు. 1924లో క్షయ గొంతుకు పాకింది. మింగలేడు, మాట్లాడలేడు, చీటీల మీద రాసి చూపించేవాడు. ఆ స్థితిలో ఆయన దిద్దుతున్న ప్రూఫుల్లో, ఉపవాసం ఉండటమే వృత్తిగా బతికే మనిషి కథ ఉంది. తిండి దిగక చనిపోతున్నవాడు తిండి మానినవాడి కథ రాశాడని చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. ఆ కథ రాసింది 1922లో. ఊపిరితిత్తుల్లో క్షయ అప్పటికే ఉంది గానీ గొంతులో లేదు. జీవితచరిత్ర రాసేటప్పుడు జబ్బు తేదీ, రచన తేదీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. సగం కట్టుకథలు అక్కడే రాలిపోతాయి.

తేదీల మాట వచ్చింది కాబట్టి, బాల్యం రాసేవాళ్లకు పనికొచ్చే సంగతి. మూడేళ్ల లోపు జ్ఞాపకాలు మనకు మిగలవు. మిగిలాయనుకునేవి చాలావరకు అమ్మమ్మ చెప్పగా విన్నవి. ఏడెనిమిదేళ్ల నాటివి కూడా తలుచుకున్నప్పుడల్లా కొంచెం మారతాయి. అందుకని గట్టి ఆధారానికి కట్టాలి. బడి అడ్మిషన్ రిజిస్టరు, పాత రేషన్ కార్డు, ఆస్పత్రి కేస్ షీటు, పొలం దస్తావేజు. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా అని అడిగితే ముసలివాళ్లు ఠక్కున చెబుతారు. 1965లో ప్రకాశం జిల్లాలో పుట్టానని రాసేవాళ్లున్నారు. జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరిలో, ప్రకాశం అని పేరు పెట్టింది 1972లో. అంతకు ముందు ఒంగోలు గుంటూరు జిల్లా, మార్కాపురం కర్నూలు జిల్లా, మనం కూర్చున్న ఈ కందుకూరు నెల్లూరు జిల్లా. 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. ఒక్క పేరు తప్పయితే చదివేవాడికి మిగతా అంతటి మీదా అనుమానం వస్తుంది.

ఇప్పుడు జబ్బు. ప్రతి జబ్బుకూ దాని వేళలుంటాయి, రాతను వాటి చుట్టూ అమర్చుకోవాలి. క్షయ జ్వరం సాయంత్రం ఎక్కుతుంది, కాబట్టి పొద్దున రాయాలి. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లకు లేవగానే గంటకు పైగా వేళ్లు బిగుసుకుని ఉంటాయి, పదింటికి ముందు కలం పట్టి చేతిని హింసపెట్టుకోవద్దు. ఉబ్బసం తెల్లవారుజామున ఎక్కువవుతుంది, నిద్ర చెడిన రోజు కొత్తది రాయకుండా పాతది దిద్దుకోవాలి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు పోతాయి, ఆ రోజు సాయంత్రం కూడా నీరసంలోనే గడుస్తుంది. వాళ్లకు వారంలో నాలుగు రోజులే ఉన్నాయని లెక్క వేసుకోవాలి. స్టెరాయిడ్ పెద్ద మోతాదు మీద ఉంటే నిద్ర పట్టదు, బుర్ర పరుగెడుతుంది, రాత్రి రెండింటికి రాసిందంతా అద్భుతంగా కనపడుతుంది. వారం ఆగి చదవాలి.

ఫ్లానరీ ఓకానర్ అని అమెరికా రచయిత్రి. ఆమె పదిహేనో ఏట తండ్రి, ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బయిన లూపస్‌తో చనిపోయాడు. పాతికేళ్లకు అదే జబ్బు ఆమెకు వచ్చింది. తల్లి దగ్గర పల్లెలో ఉంటూ రోజూ పొద్దున రెండు మూడు గంటలు మాత్రం రాసుకుని, మిగతా రోజు విశ్రాంతి, ఉత్తరాలు, కోళ్లు నెమళ్లు. 39 ఏళ్లకు పోయింది. ఈలోగా రెండు నవలలు, ముప్ఫై దాకా కథలు. తన లూపస్ మీద కథలు రాయలేదు, గమనించండి. జబ్బు ఆమెకు ఇచ్చింది ఆ మూడు గంటల హద్దు. చెహోవ్‌కు చివరి నాటకం రాసేటప్పుడు రోజుకు కొద్ది పంక్తులకు మించి సాగలేదు. అంత తక్కువ రాయగలిగినప్పుడు ముందే వడగట్టిన మాటే కాగితం మీదికొస్తుంది.

మంచం మీద రాసేవాళ్లకు చిన్న సంగతులు చాలా తేడా చేస్తాయి. వెల్లకిలా పడుకుని రాస్తే బాల్‌పెన్ రెండు నిమిషాల్లో ఆగిపోతుంది, సిరా కిందికి దిగితేనే అది రాస్తుంది. మెత్తటి పెన్సిల్, పరీక్ష అట్ట వాడాలి. పేజీలు లెక్కపెట్టుకోవద్దు, రోజుకు నూటయాభై మాటలు చాలు. ఆపేటప్పుడు సన్నివేశం మధ్యలో ఆపి, తర్వాతి వాక్యం సగం రాసి పెట్టుకుంటే మర్నాడు నీరసంగా ఉన్నా అందుకోవచ్చు. ఫోన్లో మాట్లాడి టైప్ చేయించుకుంటే చాలాసార్లు వాక్యాల చివర చుక్కలు రావు, పదాలు ఎక్కడపడితే అక్కడ విరుగుతాయి, మన యాసను అది పుస్తక భాషలోకి మార్చేస్తుంది. అందువల్ల ముందు గొంతు రికార్డు చేసుకుని, ఓపిక ఉన్నప్పుడు విని రాసుకోవడం మేలు. సంభాషణలో జీవం అప్పుడే మిగులుతుంది.

కథల్లో జబ్బు తప్పుగా రావడం ఇంకో గోల. క్షయ అనగానే జేబురుమాలులో రక్తం. చాలామందికి రక్తం పడదు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, వదులైపోయే బట్టలు, ఇవీ దాని గుర్తులు. కథ ఏ కాలంలో జరుగుతుందో చూసుకోవాలి. 1940లో మందే లేదు, శానటోరియం, పాలు, గుడ్లు, గాలి. 1960లో అయితే స్ట్రెప్టోమైసిన్ సూదులు, రోజుకు పది గ్రాములకు పైగా పాస్ మందు, దాంతో కడుపులో వికారం, ఏడాదికి పైగా వైద్యం. ఇంట్లో ఉండి మందులు వాడినా శానటోరియంతో సమానంగా నయమవుతుందని 1959లో మద్రాసు అధ్యయనం తేల్చాక ఆ పడకల కథలు తగ్గుముఖం పట్టాయి. ఇప్పుడైతే ఆరునెలలు. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది, మొదటిరోజు ఎవరైనా రక్తమనుకుని హడలిపోతారు. రెండు నెలలకు దగ్గు తగ్గగానే మాత్రలు మానేస్తారు, జబ్బు మొండికేసేది అక్కడే. కథ కూడా అక్కడే ఉంది.

మూర్ఛ వచ్చినవాడి చేతిలో తాళాల గుత్తి పెట్టగానే లేచి కూర్చుని మాట్లాడినట్టు రాస్తారు. మూర్ఛ మామూలుగా రెండు మూడు నిమిషాల్లో తనంతట తనే ఆగుతుంది, గుత్తికి పేరొస్తుంది. (నవ్వులు) ఆగాక చాలాసేపు అయోమయం, నిద్ర, ఒళ్లునొప్పులు, తడిసిన బట్టల సిగ్గు. తనకు మూర్ఛలున్న రష్యన్ నవలాకారుడు దొస్తోయెవ్‌స్కీ ఆ తర్వాతి గంటల్ని వదల్లేదు.

మన ఫ్లోరైడ్ సంగతి చూడండి. నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పు. పళ్ల మీద గార మచ్చ పడేది ఎనామిల్ తయారయ్యే వయసులో, అంటే ఇంచుమించు ఎనిమిదేళ్లలోపు. ఇరవయ్యో ఏట కావలి నించి కనిగిరి వైపు కోడలిగా వచ్చిన పిల్లకు పళ్లు గారపట్టినట్టు రాస్తే తప్పు. ఆమెకు పళ్లు తెల్లగానే ఉండి, పాతికేళ్లు ఆ నీళ్లు తాగాక మోకాళ్లు, నడుము, మెడ బిగుసుకుంటాయి. వెనక నించి పిలిస్తే తల తిప్పదు, మనిషి మొత్తం తిరుగుతుంది. ఆ ఒక్క కదలిక రాస్తే జబ్బు పేరు చెప్పక్కర్లేదు.

చివరిగా, రాస్తే బాధ తగ్గుతుందా అన్నది. పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు 1986లో విద్యార్థుల చేత రోజుకు పదిహేను నిమిషాల చొప్పున నాలుగు రోజులు తమ చేదు అనుభవాన్ని రాయించాడు. రాసిన వెంటనే మనసు ఇంకా పాడయింది. తర్వాతి ఆరునెలల్లో ఆస్పత్రికి పోవడం తగ్గింది. 1999లో ఉబ్బసం, కీళ్లవాతం ఉన్న 112 మందితో, మూడు రోజులు ఇరవై నిమిషాల చొప్పున చేయిస్తే, నాలుగు నెలలకు రాసినవాళ్లలో 47 శాతం మంది మెరుగయ్యారు, మామూలు విషయాలు రాసినవాళ్లలో 24 శాతం. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో ఫలితం అంతగా కనపడలేదు, కొన్నిట్లో అసలు లేదు. మందుకు బదులు కాదు. ఆ రాత కథ కూడా కాదు. రెండు నోటుపుస్తకాలు పెట్టుకోండి. ఒకటి ఎవరికీ చూపించనిది, అందులో తప్పొప్పులు, భాష ఏవీ చూడొద్దు. రెండోది పనిది. మొదటి దాంట్లోది అదే నెలలో రెండో దాంట్లోకి ఎత్తి రాస్తే, ఎవరి మీదో కసి తీర్చుకున్నట్టుంటుంది గానీ కథ కాదు.

ప్రశ్న: అమ్మానాన్న బతికుండగా ఇంటి గొడవలు రాయొచ్చునా సార్?

రాయొచ్చు, అచ్చు వెయ్యడం వేరే నిర్ణయం. పేరు మార్చినంత మాత్రాన ఊళ్లో ఎవరికీ దాపరికం ఉండదు. వృత్తి మార్చండి, అక్కను తమ్ముణ్ణి చెయ్యండి, ఇల్లు వేరే తాలూకాలో పెట్టండి. తోబుట్టువుల జబ్బు, ముఖ్యంగా మానసిక జబ్బు, హెచ్‌ఐవీ లాంటివి వాళ్లను అడక్కుండా రాయొద్దు. పెళ్లి కావలసిన పిల్లలు ఆ ఇంట్లో ఉంటారు.

ప్రశ్న: మానసిక జబ్బుకు మందులు వాడితే రాసే శక్తి పోతుందంటారు, నిజమేనా?

1979లో మోగెన్స్ షౌ అనే డెన్మార్క్ వైద్యుడు, బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం వాడుతున్న 24 మంది కళాకారులు, రచయితలను అడిగాడు. పన్నెండు మందికి పని పెరిగింది, ఆరుగురికి తేడా లేదు, ఆరుగురికి తగ్గింది. చిన్న లెక్కే, కానీ అందరికీ పోతుందన్న భయానికి ఆధారం లేదని చూపిస్తుంది. తగ్గినవాళ్లకు మోతాదు సమస్య కావచ్చు, ఆ మాట డాక్టరుకే చెప్పాలి. చెయ్యి సన్నగా వణికి అక్షరం చెడితే అదీ చెప్పండి, మోతాదు సరిచేస్తారు. మీకు మీరే ఆపెయ్యొద్దు, జబ్బు తిరగబెడుతుంది. రక్తపరీక్ష చివరి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు ఇవ్వాలి, లేకపోతే అంకె తప్పొస్తుంది. మన మే నెల ఎండల్లో జాగ్రత్త. చెమటతో నీళ్లు, ఉప్పు పోతే రక్తంలో లిథియం పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, నడకలో తూలడం కనపడితే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. బీపీ ఉందని ఉప్పు ఒక్కసారిగా మానెయ్యడం, ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో ఐబుప్రొఫెన్ కొని వేసుకోవడం, ఈ రెండూ డాక్టర్ని అడక్కుండా చెయ్యొద్దు.